వాల్యూమ్ తిప్పితే కరకర: స్ప్రే డబ్బా అందుకునే ముందు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, జవాబంతా అందులోని వివరాల మీదే నడుస్తుంది. మీ నాన్నగారు 1980లలో గల్ఫ్ నుంచి తెచ్చిన జపాన్ స్టీరియో ఆంప్లిఫైయర్ ఇది. వాల్యూమ్ నాబ్ తిప్పుతుంటే రెండు స్పీకర్లలోనూ కరకరమంటోంది. రాత్రిపూట సౌండ్ తక్కువలో పెట్టుకుంటే ఎడమ స్పీకర్ మూగబోతోంది. నాబ్‌ను కాస్త పెంచగానే అది ఒక్కసారిగా పలుకుతోంది, ఆ తర్వాత తగ్గించినా కొంతసేపు బాగానే ఉంటోంది. ఎవరో చెప్పగా కాంటాక్ట్ క్లీనర్ అనే స్ప్రే కొట్టారు. కొద్ది రోజులు నయంగా ఉండి మళ్లీ మొదలైంది. మెకానిక్ చూసి, "కంట్రోల్ పోయింది, ఆ రకం ఇప్పుడు దొరకదు, లోపల కొత్త బోర్డు వేసేద్దాం" అన్నారు. వేయించాలా అని అడుగుతున్నారు.

ఇప్పుడే వేయించకండి. మీరు చెప్పినదాంట్లో రెండు వేర్వేరు దోషాలు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తున్నాయి. రెండూ వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడే బయటపడుతున్నాయి కాబట్టి నింద నాబ్ మీద పడింది. కానీ ఎడమ స్పీకర్ సంగతి దాదాపుగా స్పీకర్ రిలేది, అంటే ఆంప్‌ను స్పీకర్లకు కలిపే స్విచ్ లాంటి భాగానిది. కరకర వాల్యూమ్ కంట్రోల్‌లోనే పుడుతున్నా, దానికి మూలం పక్కనున్న కెపాసిటర్ అనే చిన్న భాగం కావచ్చు. ఎలా తేల్చుకోవాలో చెబుతాను. చాలావరకు పెట్టె మూత తీయకుండానే తేలుతుంది.

నాబ్ వెనక ఉండే భాగాన్ని పుస్తకాలు పొటెన్షియోమీటర్ అంటాయి, షాపులో 'వాల్యూమ్ కంట్రోల్' అనో 'పాట్' అనో అడిగితే ఇస్తారు. లోపల ముప్పావు వలయంగా కార్బన్ పూత, దాని మీద జరిగే లోహపు వేలు, దాని పేరు వైపర్. కాళ్లు మూడు: ఒక చివర సిగ్నల్ వస్తుంది, రెండో చివర గ్రౌండ్‌కు కలుస్తుంది, మధ్య కాలు వైపర్‌ది, అక్కడి నుంచి తగ్గించిన సిగ్నల్ ముందుకు వెళుతుంది. స్టీరియోలో ఇలాంటివి రెండు ఒకే ఇరుసు మీద ఉంటాయి, అందుకే వెనక ఆరు కాళ్లు కనిపిస్తాయి. మీ ఆంప్‌లో లౌడ్‌నెస్ బటన్ (తక్కువ సౌండ్‌లో బాస్‌ను పెంచేది) ఉంటే ఒక్కోదానికి నాలుగో కాలు కూడా ఉండవచ్చు. ఆ కాలు గురించి తర్వాత చెబుతాను, మెకానిక్‌లు "దొరకదు" అనడానికి సాధారణంగా కారణం అదే.

ఇక పరీక్షలు. మొదటిది కరకర గురించి. ఆంప్ ఆన్ చేసి, సెలెక్టర్‌ను ఏ తీగా తగిలించని ఇన్‌పుట్‌కు మార్చండి. రికార్డు ప్లేయర్ కోసం ఉండే ఫోనో మాత్రం వద్దు, అది సహజంగానే గుయ్యిమంటుంది. పాట లేదు, సిగ్నల్ లేదు. ఇప్పుడు నాబ్‌ను నెమ్మదిగా తిప్పండి. పాట లేకపోయినా కరకర గట్టిగానే వినిపిస్తే అనుమానించాల్సింది డీసీ వోల్టేజిని, అంటే పాటలా ఊగకుండా నిలకడగా ఉండే వోల్టేజిని. పాట ఉన్నప్పుడు మాత్రమే, అదీ పాట తెగితెగి వస్తున్నట్టుగా వినిపిస్తే అది దుమ్ము, తుప్పు లేదా అరిగిన కార్బన్. కారణం సులువే. వైపర్‌కూ కార్బన్‌కూ మధ్య స్పర్శ తెగి అతుకుతున్నప్పుడు చప్పుడు రావాలంటే అక్కడ ఏదో ఒక వోల్టేజి ఉండాలి. సిగ్నలూ లేక, డీసీ కూడా లేకపోతే, తెగడానికి అక్కడ ఏమీ ఉండదు. ఇది శిలాశాసనం కాదు. కొన్ని సర్క్యూట్లలో తర్వాతి ట్రాన్సిస్టర్ నుంచి వచ్చే చిన్న బయాస్ కరెంటు వల్ల శుభ్రమైన కంట్రోల్ కూడా కొద్దిగా గరగరలాడుతుంది. అయినా సూచనగా చాలా బలమైనది.

ఖాళీ ఇన్‌పుట్‌లో నిశ్శబ్దంగా ఉండి, మీ ప్లేయర్ లేదా బ్లూటూత్ రిసీవర్ తగిలించిన ఇన్‌పుట్‌లో, పాట ఆపి ఉన్నా కరకర వస్తోందనుకోండి. అప్పుడు డీసీ బయటి నుంచి వస్తోంది, ఆంప్‌లో తప్పు లేదు. చవకరకం బ్లూటూత్ రిసీవర్లలో అవుట్‌పుట్ కెపాసిటర్ సరిగా లేక ఇలా జరుగుతుంది. దాని కోసం ఆంప్ విప్పించి, కంట్రోల్ మార్పించి, చివరికి అదే కరకర విన్నవాళ్లు ఉన్నారు.

రెండో పరీక్షకు మూడు క్షణాలు చాలు. పాట నడుస్తుండగా నాబ్‌ను తిప్పకుండా పక్కకు, పైకి, కిందికి మెల్లగా నొక్కండి. సౌండ్ పోతూ వస్తూ ఉంటే, కంట్రోల్ కాళ్ల దగ్గర సోల్డర్ పగిలి ఉంటుంది. ఇన్నేళ్లుగా నాబ్ తిప్పిన బరువంతా ఆ ఆరు అతుకుల మీదే పడుతుంది. సోల్డరింగ్ ఐరన్‌తో కొత్త సోల్డర్ పెట్టి మళ్లీ కరిగిస్తే అయిపోతుంది. అలాగే, నాబ్‌ను లోహపు భాగం దగ్గర ముట్టుకోగానే గుయ్యిమనే హమ్ వచ్చి, చెయ్యి తీయగానే పోతే, కంట్రోల్ బయటి నట్టు వదులై దాని ఒంటికి గ్రౌండ్ అందడం లేదన్నమాట. నట్టు బిగించండి, అంతే.

మూడోది మీ ఎడమ స్పీకర్ గురించి. ముందు ప్లేయర్ నుంచి వచ్చే ఎరుపు, తెలుపు ప్లగ్గులను ఒకదాని స్థానంలో ఒకటి మార్చండి. అయినా ఎడమదే పోతుంటే ప్లేయరూ దాని తీగా నిర్దోషులు. తర్వాత ఆంప్ ఆఫ్ చేసి, వెనక స్పీకర్ తీగలను అటుదిటు చేయండి. ఇప్పుడు కుడి వైపు పెట్టె మూగబోతే స్పీకర్ కూడా నిర్దోషి, దోషం ఆంప్ ఎడమ ఛానల్‌లోనే ఉంది.

ఆంప్ ఆన్ చేసిన కొన్ని సెకన్లకు లోపల 'టక్' మని చప్పుడు వస్తుందా? వస్తే అదే స్పీకర్ రిలే. ఆన్ అయ్యేటప్పటి దెబ్బ స్పీకర్లకు తగలకుండా, ఆంప్ పాడై డీసీ పంపితే స్పీకర్లు కాలిపోకుండా కాపాడటం దాని పని. దాని లోపలి వెండి మిశ్రమపు కాంటాక్టుల మీద ఏళ్ల తరబడి పలుచని నల్లటి పొర పేరుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఇంకా త్వరగా పేరుకుంటుంది. రాత్రిపూట మెల్లగా వినేటప్పుడు స్పీకర్‌కు వెళ్లేది 50 మిల్లీవాట్లు అనుకుందాం, 8 ఓంల స్పీకర్ మీద అది 0.6 వోల్ట్‌కు కాస్త పైన మాత్రమే. ఆ పొరను చీల్చే సత్తా అంత చిన్న వోల్టేజికి ఉండదు. నాబ్ పెంచగానే వోల్టేజి పెరిగి పొర చీలుతుంది, స్పీకర్ పలుకుతుంది. ఒకసారి దారి ఏర్పడ్డాక తగ్గించినా కాసేపు పలుకుతూనే ఉంటుంది. మీరు రాసిన లక్షణం అక్షరాలా ఇదే. వాల్యూమ్ కంట్రోల్ దోషమైతే నాబ్ ఏ స్థానంలో ఉందన్నదాన్ని బట్టి సౌండ్ పోతుంది. ఆ స్థానానికి మళ్లీ వస్తే మళ్లీ పోతుంది. "పెంచి తగ్గిస్తే బాగుంటుంది" అనే ప్రవర్తన దానికి ఉండదు.

దీన్ని ఖాయం చేసుకోవడానికి, ముందు ప్యానెల్ మీద స్పీకర్ ఏ, బి స్విచ్ ఉంటే దాన్ని ఇరవై ముప్పైసార్లు ఆన్ ఆఫ్ చేసి చూడండి. కొన్నిసార్లు నేరం రిలేది కాక ఆ స్విచ్‌దే అవుతుంది, కాంటాక్టుల జబ్బు మాత్రం ఒకటే. స్విచ్‌తో ఏమీ మారకపోతే మిగిలింది రిలే. హెడ్‌ఫోన్ పెట్టి చూడమని కొందరు సలహా ఇస్తారు. హెడ్‌ఫోన్ తీగ కొన్ని ఆంప్‌లలో రిలేకు ముందు నుంచి, కొన్నింటిలో తర్వాత నుంచి వస్తుంది కాబట్టి సర్క్యూట్ బొమ్మ చేతిలో లేకుండా దాన్ని నమ్మి తీర్పు ఇవ్వలేం.

రిలే మార్చడం పెద్ద పని కాదు. పారదర్శకమైన తొడుగు మీద కాయిల్ వోల్టేజి ముద్రించి ఉంటుంది. ఎక్కువగా 24 వోల్టులు, కొన్నింటిలో 12 లేదా 48. అదే వోల్టేజి, అవే కాళ్ల అమరిక, రెండు పోల్స్ (రెండు ఛానళ్లకు విడివిడి స్విచ్‌లు) ఉన్నది తెచ్చుకోవాలి. కొత్తది దొరికేలోగా పాతదాని తొడుగు తీసి, మందపాటి తెల్ల కాగితపు పట్టీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి, వేలితో సున్నితంగా ఒత్తి లాగితే నల్లటి గీత కాగితం మీదికి వస్తుంది. ఉప్పు కాగితంతో మాత్రం రుద్దకండి. పైనున్న పలుచని వెండి పోతే తర్వాత ఏం చేసినా నిలవదు.

ఇక మూత తీయాల్సిన పనికి వద్దాం. ఎన్నడూ ఆంప్ విప్పని మనిషైతే ఇక్కడి నుంచి మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. ప్లగ్ తీసేసినా లోపలి పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో ముప్పై నుంచి అరవై వోల్టుల దాకా నిలిచి ఉంటుంది. 1 కిలో ఓం, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేటెడ్ పట్టకారుతో పట్టుకుని, ఒక్కో కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య అరనిమిషం పైన ఆనించి, మీటర్‌తో సున్నాకు దిగిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో టప్పుమనిపించే అలవాటు ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు, అది మంచి అలవాటు కాదు. చాలాకాలం పక్కన పడేసిన సెట్ అయితే నేరుగా ప్లగ్ పెట్టకుండా, సిరీస్ బల్బు (కరెంటు దారిలో వరుసగా కలిపిన ఫిలమెంట్ బల్బు) ద్వారా ఇవ్వండి. మరో సంగతి: గల్ఫ్ నుంచి వచ్చిన సెట్లలో చాలావాటికి వెనక వోల్టేజి సెలెక్టర్ ఉంటుంది. అది 110 దగ్గరో 127 దగ్గరో లేదని, 220 లేదా 240 దగ్గరే ఉందని చూసుకోండి. రెండూ ఉంటే మన 230 వోల్టుల కరెంటుకు 240 మేలు.

ఇప్పుడు డీసీ కొలత. ఆంప్ ఆన్‌లో, ఇన్‌పుట్‌లు ఖాళీగా, నాబ్ మధ్యలో. స్పీకర్లు తీసేయండి. మల్టీమీటర్‌ను డీసీ 200 మిల్లీవోల్టుల స్థాయిలో పెట్టి, నల్ల తీగను వెనకనున్న ఏదైనా ఇన్‌పుట్ సాకెట్ బయటి వలయానికి క్లిప్‌తో తగిలించండి. ఎర్ర తీగతో ఒంటి చేత్తో వాల్యూమ్ కంట్రోల్ కాళ్లను ఒక్కొక్కటిగా తాకి చూడండి. ఒకటి రెండు మిల్లీవోల్టులు అయితే పట్టించుకోనక్కర్లేదు. పదుల్లో, వందల్లో ఉంటే దొంగ దొరికినట్టే. ముందు దశ నుంచి గానీ తర్వాతి దశ నుంచి గానీ డీసీని ఆపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ కారుతోంది, అంటే డీసీని ఆపకుండా వదిలేస్తోంది.

ఆ కెపాసిటర్ మామూలుగా 1 నుంచి 10 మైక్రోఫారడ్ల చిన్న ఎలక్ట్రోలైటిక్, కంట్రోల్ కాళ్ల నుంచి గీతలను అనుసరిస్తే అంగుళం రెండంగుళాల్లో కనిపిస్తుంది. ఛానల్‌కు ఒకటి చొప్పున జంటగా ఉంటాయి. ఒకటి కారుతున్నా రెండూ మార్చండి, వాటి వయసు ఒకటే కదా. 1 లేదా 2.2 మైక్రోఫారడ్ అయితే ఎలక్ట్రోలైటిక్ బదులు పాలిస్టర్ ఫిల్మ్ కెపాసిటర్ పెట్టేయండి. అది ఎండిపోదు, ఆ చోట సరిపోతుంది కూడా. దాని ఖరీదు స్ప్రే డబ్బా ఖరీదులో పదో వంతు కూడా ఉండదు.

స్ప్రే కొడితే కొన్నాళ్లు బాగుండి మళ్లీ ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. శుభ్రంగా ఉన్నంతకాలం స్పర్శ తెగదు కాబట్టి డీసీ ఉన్నా చప్పుడు కాదు. కాస్త దుమ్ము చేరగానే చిన్న తెగింపు కూడా ఆ డీసీ వల్ల పెద్ద కరకరగా వినిపిస్తుంది. స్ప్రే ఎన్నిసార్లు కొట్టినా కెపాసిటర్ కారడం ఆగదు. నెలకోసారి స్ప్రే కొట్టుకుంటూ ఏళ్లు గడిపేవాళ్లందరికీ నేను చెప్పే మాట ఒకటే: మీటర్ పెట్టి చూడండి.

సొంతంగా కిట్ కట్టుకున్నవాళ్లకు ఒక చిన్న లెక్క. వైపర్ నుంచి నేరుగా, మధ్యలో కెపాసిటర్ లేకుండా, ఎన్ఈ5532 లాంటి ఐసీలోకి వెళ్లారనుకోండి. దాని బయాస్ కరెంటు సుమారు 200 నానో ఆంపియర్లు. 100 కిలో ఓంల కంట్రోల్ మధ్య స్థానంలో రెండు వైపులా కలిపి 25 కిలో ఓంలుగా కనిపిస్తుంది. అంటే 5 మిల్లీవోల్టుల డీసీ వైపర్ మీద ఎప్పుడూ ఉంటుంది. కొత్త కంట్రోల్ కూడా తిప్పినప్పుడు గరగరమంటుంది. అక్కడొక కెపాసిటర్, దాని తర్వాత గ్రౌండ్‌కు ఒక రెసిస్టర్ పెడితే పోతుంది.

డీసీ లేదు, సోల్డర్ బాగుంది, అయినా కరకర ఉంది. అప్పుడే శుభ్రం చేయడం. ముందు స్ప్రే లేకుండా, కరెంటు తీసేసి, నాబ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు యాభైసార్లు తిప్పి చూడండి. వైపర్ తన దారిలోని పొరను తానే గీకేసుకుంటుంది. ఆశ్చర్యంగా, చాలా సెట్లు దీనితోనే కుదుటపడతాయి.

స్ప్రే కొట్టాల్సిందే అయితే, ఏది, ఎక్కడ అన్నది ముఖ్యం. నీలం పసుపు డబ్బాలో వచ్చే మామూలు డబ్ల్యుడి-40 వద్దు. అది తేమను తరిమి తుప్పు పట్టకుండా చూడటానికి చేసింది, కంట్రోళ్ల కోసం కాదు. అదే సంస్థ కాంటాక్ట్ క్లీనర్ పేరుతో వేరే డబ్బా అమ్ముతుంది, అది వేరు. విదేశాల్లో ఉన్నవాళ్లకు డీఆక్సిట్ అనే క్లీనర్ సులువుగా దొరుకుతుంది. అందులో డి రకం తుప్పు తీయడానికి, ఎఫ్ రకం కార్బన్ కంట్రోళ్లకు, ఫేడర్లకు (జారుడు కంట్రోళ్లకు). మన దగ్గర సీఆర్‌సీ 2-26 అనే స్ప్రే వాడేవాళ్లు ఎక్కువ, పని జరుగుతుంది. స్వచ్ఛమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బాగా శుభ్రం చేస్తుంది గానీ గ్రీజును కూడా కడిగేస్తుంది, తర్వాత నాబ్ పొడిబారి గీరుకుంటూ తిరుగుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్‌తో తుడిచిన సెట్లు కరోనా కాలం తర్వాత రిపేరుకు వస్తున్నాయి. అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. దయచేసి వద్దు.

కొట్టాల్సిన చోటు ఇరుసు కాదు. ఇరుసు సందులో కొడితే అక్కడి చిక్కటి గ్రీజు కరిగి లోపలి కార్బన్ మీదికి జారుతుంది. నాబ్ తిరిగేటప్పటి ఆ మెత్తటి బరువు పోతుంది, జిగురు కొత్త చోటికి చేరుతుంది. మీరు మొదటిసారి ముందు నుంచి నాబ్ పీకి కొట్టారా? అయితే అదే జరిగి ఉండొచ్చు. మూత తీసి చూస్తే కాళ్లు బయటికి వచ్చే చోట, డబ్బా వెనక సన్నని సందు కనిపిస్తుంది. సన్నని గొట్టం అందులో పెట్టి ఒక్కో విభాగంలో ఒక్క చిన్న పిచికారీ చాలు. చివర నుంచి చివరకు ముప్పైసార్లు తిప్పి, సెట్‌ను కాస్త వంచి, గంటసేపు ఆరనివ్వండి. ఇవన్నీ మండే ద్రవాలే, కరెంటు ఉండగా కొట్టకూడదు. పాత రేడియోలు, చిన్న సెట్లలో వాల్యూమ్ కంట్రోల్ వెనకే 230 వోల్టుల ఆన్ ఆఫ్ స్విచ్ అతికించి ఉంటుంది. అక్కడ ప్లగ్ పీకేసి ఉండటం మరీ తప్పనిసరి. పూజగదికి ఆనుకుని పెట్టిన సెట్లలో అగరుబత్తి పొగ జిడ్డు కట్టి ఉంటుంది, దానికి ఒక్క విడత చాలదు, రెండోసారి కొట్టాల్సి వస్తుంది.

శుభ్రం చేసినా, రోజూ మీరు పెట్టుకునే ఆ ఒక్క చోటే గరగరమంటుంటే కార్బన్ అరిగిపోయింది. స్ప్రే కార్బన్‌ను తిరిగి తేలేదు. పెన్సిల్ గ్రాఫైట్ రుద్దే చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది. అది ఆ చోట రెసిస్టెన్స్‌ను మార్చేసి ఎడమ కుడి తేడా తెస్తుంది, నాకు నచ్చదు. ఇంకో లక్షణం ప్రమాదకరమైనది: నాబ్ సున్నా దగ్గర ఉన్నా సౌండ్ తగ్గకుండా పూర్తిగా మోగితే, గ్రౌండ్ వైపు కాలు తెగిందన్నమాట. ట్వీటర్లు (సన్నని స్వరాల చిన్న స్పీకర్లు) కాలిపోవడానికి అది చాలు. అలాంటిది కనిపిస్తే మంచి స్పీకర్లు వెంటనే తీసేసి, ఏదైనా పాత స్పీకర్‌తో పరీక్షించండి.

మీకు బహుశా వర్తించే మరో సంగతి ఉంది. ఆ కాలపు ఆంప్‌ల ఆక్స్ ఇన్‌పుట్ (బయటి ప్లేయర్లు తగిలించేది) 150 మిల్లీవోల్టులకే పూర్తి శక్తి ఇచ్చేలా తయారైంది. తర్వాత వచ్చిన సీడీ ప్లేయర్లు పంపేది 2 వోల్టులు. అంటే పదమూడు రెట్లు, డెసిబెల్స్‌లో 22 పైన. అందుకే నాబ్‌ను కొంచెం కదపగానే ఇల్లంతా మోగుతుంది. మీరు ఎప్పుడూ వాడేది కార్బన్ పూత మొదట్లోని చిన్న ముక్కే. రెండు ఛానళ్లు సమానంగా లేకపోవడం అన్ని జంట కంట్రోళ్లలోనూ అక్కడే ఎక్కువ, కొత్తవాటిలోనూ అంతే. అరుగుదల కూడా అక్కడే. "తక్కువ సౌండ్‌లో కుడి వైపు ఎక్కువగా వినిపిస్తోంది" అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఇదే.

దీనికి మందు కంట్రోల్ మార్చడం కాదు, లోపలికి వచ్చే సిగ్నల్‌ను తగ్గించడం. ప్లేయర్ తీగలో ఛానల్‌కు 10 కిలో ఓంలు సిరీస్‌లో, దాని తర్వాత 2.2 కిలో ఓంలు గ్రౌండ్‌కు పెడితే సుమారు 15 డెసిబెల్స్ తగ్గి, నాబ్ హాయిగా మధ్యకు వస్తుంది. ఫోన్ నుంచి వినేవాళ్లు ఫోన్‌లోనే కాస్త తగ్గించుకుంటే అదే ఫలితం. నాబ్ మధ్యకు వచ్చిన మరుసటి క్షణం సగం ఫిర్యాదులు మాయమవుతాయి.

చివరికి మార్చక తప్పదని తేలితే, "దొరకదు" అన్న మాటను అంత తేలిగ్గా ఒప్పుకోకండి. కంట్రోల్ ఒంటి మీద విలువ ముద్రించి ఉంటుంది, 50కె, 100కె, 250కె ఇలా. పక్కనున్న అక్షరం జపాన్ రకాల్లో ఏ అయితే లాగరిథమిక్, బి అయితే లీనియర్. పాత యూరప్ సెట్లలో ఇది తలకిందులుగా ఉండొచ్చు కాబట్టి మీటర్‌నే నమ్మండి. నాబ్‌ను సగంలో పెట్టి వైపర్ నుంచి గ్రౌండ్ కాలుకు కొలిస్తే మొత్తంలో సగం వస్తే లీనియర్, పది పదిహేను శాతం వస్తే లాగరిథమిక్. చివరి నుంచి చివరి విలువ రాసినదానికి ఇరవై శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. ముల్లు ఉండే పాత అనలాగ్ మీటర్ ఉంటే నాబ్ తిప్పుతూ ముల్లును చూడండి, అరిగిన చోట ముల్లు ఎగిరిపడుతుంది. డిజిటల్ మీటర్ అంత వేగంగా చూపలేదు.

ఆ తేడా ఎందుకు ముఖ్యమంటే, చెవి సౌండ్‌ను లాగరిథమిక్‌గా వింటుంది. లీనియర్ కంట్రోల్ పెడితే సగంలోనే కేవలం 6 డెసిబెల్స్ తక్కువగా ఉంటుంది. మార్పంతా మొదటి పావు తిప్పుడులో అయిపోయి, ఆ తర్వాత తిప్పినా పెద్దగా ఏమీ జరగదు. మార్కెట్‌లో లీనియర్‌దే దొరికితే ఒక ఉపాయం ఉంది. 100 కిలో ఓంల లీనియర్ కంట్రోల్‌లో వైపర్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 15 కిలో ఓంల రెసిస్టర్ పెడితే, సగంలో 14 డెసిబెల్స్ పైచిలుకు తగ్గుతుంది. చెవికి అది దాదాపు లాగరిథమిక్‌లాగే ఉంటుంది. ఎడమ కుడి సమతూకం కూడా చవకరకం లాగరిథమిక్ కన్నా మెరుగ్గా వస్తుంది. ఖర్చేమిటంటే, నాబ్ పూర్తిగా పెంచినప్పుడు ముందు దశ 13 కిలో ఓంల బరువు మోయాలి. ట్రాన్సిస్టర్ లేదా ఐసీ దశలు మోస్తాయి, గాజు గొట్టాలు ఉండే వాల్వ్ ఆంప్‌లు మోయలేవు.

నాలుగో కాలు సంగతి. అది లౌడ్‌నెస్ కోసం కార్బన్ పూత మధ్యలో తీసిన కొన. అలాంటి కంట్రోల్ నిజంగానే ఇప్పుడు దొరకడం కష్టం. కానీ ఆ కాలు తీగను వదిలేసి మామూలు ఆరు కాళ్లది పెట్టవచ్చు. లౌడ్‌నెస్ బటన్ పనిచేయదు, మిగతాదంతా పనిచేస్తుంది. కాళ్ల దూరం బోర్డు రంధ్రాలతో కలవకపోతే చిన్న తీగలతో కలుపుకోవచ్చు, తీగలు పొట్టిగా, వీలైతే షీల్డ్ తీగతో. ఇరుసు 6 మిల్లీమీటర్లదా, డి ఆకారమా, పళ్లు ఉన్నదా, పొడవెంత అన్నవి కొలుచుకుని వెళ్లండి. లేకపోతే పాత నాబ్ దానికి ఎక్కదు. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పి రోడ్ ఇలాంటివాటికి ప్రసిద్ధి. పాతదాన్ని చేతిలో పెట్టుకుని తిరగడమే మంచి పద్ధతి. ఆల్ప్స్ ఆర్‌కె27 అనే నీలం రంగు డబ్బా కంట్రోల్ చాలా మంచిది గానీ దానికి నకిలీలు విపరీతం. ధర మరీ తక్కువగా చెబితే అది అసలుది కాదు. తీసేటప్పుడు ఆరు కాళ్లను ఒకేసారి ఊడబెరకాలని చూడకండి, పాత బోర్డుల రాగి గీతలు లేచిపోతాయి. కంట్రోల్ ఎలాగూ పారేసేదే కాబట్టి కాళ్లను ఒక్కొక్కటిగా కత్తిరించి, మిగిలిన మొనలను విడివిడిగా కరిగించి తీయండి.

ఇదంతా నాబ్‌కు రెండు చివరలు ఉన్న సెట్ల గురించి. ఆగకుండా గుండ్రంగా తిరిగే నాబ్ అయితే అది పొటెన్షియోమీటర్ కాదు, తిప్పుడును పల్స్‌లుగా పంపే ఎన్‌కోడర్. తగ్గిస్తుంటే పెరగడం, అంకెలు గెంతడం దాని దోషాలు. స్ప్రే కొన్నాళ్లే పనిచేస్తుంది. అదే సంఖ్యలో పల్స్‌లు ఇచ్చే కొత్తది వేసుకోవడమే నయం.

ఇక మీ మెకానిక్ మాట. ఆయన మోసం చేస్తున్నారని నేను అనుకోను. కారే కెపాసిటర్‌ను వెతకడానికి పట్టే సమయానికి ఎవరూ డబ్బు ఇవ్వరు, కొత్త బోర్డు వేస్తే గంటలో పని అయిపోతుంది. కానీ ఆ బోర్డు వేస్తే మీ ఆంప్‌లోని అసలైన టోన్ దశ, ఫోనో దశ రెండూ పోతాయి. ఆ రోజుల్లో ఆ సెట్ కొన్నదే వాటి కోసం. "బోర్డు వద్దు, ముందు కంట్రోల్ కాళ్ల మీద డీసీ కొలవండి, స్పీకర్ రిలే మార్చండి, వెతికిన సమయానికి కూడా ఇస్తాను" అని చెప్పి చూడండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

ముందు ఖాళీ ఇన్‌పుట్ పరీక్ష, స్పీకర్ స్విచ్ పరీక్ష చేసి ఫలితం ఇక్కడే రాయండి. డీసీ రీడింగులు, ఆంప్ వెనకనున్న మోడల్ నంబర్, వాల్యూమ్ కంట్రోల్ చుట్టూ ఉన్న బోర్డు ఫొటో జత చేస్తే ఏ కెపాసిటర్ జంటను మార్చాలో గుర్తుపెట్టి చెబుతాను.